ఇస్త్రీ బల్ల మీది గళ్ళ గుడ్డ

ఈ సంగతి జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. యాభై మూడో ఏడు దాకా, చూసిన ప్రతి అక్షరమూ నాకు వంకర గీతే. మా ఇంట్లో ముందు మగ్గం ఉండేది, తర్వాత సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు వచ్చాయి. ఆరేళ్ళ వయసు నుంచి నా పని కండెలు చుట్టడం. నా తోటి పిల్లలు పలకలు పట్టుకుని మా గుమ్మం ముందు నుంచి పోయే వేళకు నేను రాట్నం ముందు కూర్చుని ఉండేదాన్ని. పొద్దున మొదలుపెట్టిన కండెలు మధ్యాహ్నానికి కాకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే నాన్న నోరు లేస్తుంది. చదువు గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. లెక్క మాత్రం వచ్చు. పోగుల లెక్క. ఏ రంగు తర్వాత ఏ రంగు, ఎన్ని పోగులు, ఎక్కడ తిరగాలి అన్నది ఒకసారి చూస్తే మరిచిపోయేదాన్ని కాదు.

రెండేళ్ళ కిందట ఒమాన్‌లోని ఈ ఇబ్రా ఊరికి వచ్చాక, నా పక్కగదిలో ఉండే నిజామాబాదు అమ్మాయి నాకు అక్షరాలు నేర్పింది. నేర్చుకుని ఏడాది దాటింది. అయినా ఇది రాయలేదు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా తడిసిన ఉన్ని వాసన ముక్కుకు కొట్టినట్టయ్యేది, పుస్తకం మూసేసేదాన్ని. రోత. సగం ఒక మనిషి మీద, సగం నా మీద. ఇవాళ మూయకుండా రాస్తాను.

అప్పుడు నేను ఇదే దేశంలో అల్ సువైక్ ఊళ్ళో ఉన్నాను. అంతకుముందు బహ్లాలో ఒక ఇంట్లో నాలుగేళ్ళు వంటపని చేశాను. ఆ ఇంటివాళ్ళు ఊరు మారిపోతే, నా చేతికుట్టు చూసినవాళ్ళెవరో చెప్పి ఈ దుకాణంలో చేర్చారు. సగం టైలరింగ్, సగం లాండ్రీ. ముందర అద్దాల తలుపు, లోపల కోత బల్ల, మూడు మిషన్లు, ఒక పెద్ద ఇస్త్రీ బల్ల, వెనక ఒక తెర. తెర వెనక నేను. అంచులు కుట్టడం, గుండీలు, రఫూ, ఆడవాళ్ళ కొలతలు తీయడం నా డ్యూటీ. మిషన్ల మీద ఇద్దరు బెంగాలీలు ఉండేవారు. ఓనరు కడప మనిషి. అందరం భాయ్ అనేవాళ్ళం. నోట్లో ఎప్పుడూ వక్కపొడి. అది నమిలి ఉమ్మడానికి కోత బల్ల కింద ఒక పాలడబ్బా పెట్టుకునేవాడు. రోజూ పొద్దున ఆ డబ్బా కడిగేది నేనే. జిగటగా, నల్లగా, అడుగున పేరుకుని ఉండేది. ఊపిరి బిగబట్టి కడిగేదాన్ని. కడగనని ఒక్కరోజూ అనలేదు.

బడులు తెరిచే కాలం అది. సముద్రం పక్క ఊరు కావడంతో ఎండకు తోడు ఉక్క. ఊళ్ళో ఒక ప్రైవేటు బడి అమ్మాయిల యూనిఫారం గళ్ళ స్కర్టు. ఆకుపచ్చ, నీలం, నలుపు, మధ్యలో సన్నని పసుపు గీత. ఆ నైలాన్ గుడ్డ తాన్లు తాన్లుగా దుకాణంలో నిలబెట్టి ఉండేది. పొద్దున్నించి సాయంత్రం దాకా స్కర్టులే. కళ్ళు మూసినా గళ్ళే కనిపించేవి.

ఒక శనివారం సాయంత్రం ఒక ఒమానీ ఆమె వచ్చింది. బలూచీ వాళ్ళ ఇంటి ఆమె, బడిలో టీచరు. హిందీ బాగా మాట్లాడేది. నాకూ అతుకుల హిందీ వచ్చు కాబట్టి మా మాటలు దాంట్లోనే నడిచాయి. ప్లాస్టిక్ సంచిలోంచి ఒక బరువైన బట్ట తీసి బల్ల మీద పెట్టింది. పెట్టగానే వాసన. ఏళ్ళ తరబడి పెట్టెలో మగ్గిన ఉన్ని, కలరా ఉండలు, ఎప్పటిదో చెమట, బూజు, అన్నీ కలిసిన వాసన. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఇది మా బాబాది. కిల్ట్ అంటారు. బాబా పాతికేళ్ళు బ్యాండులో హబ్బాన్ వాయించాడు" అంది ఆమె. బాబా అంటే వాళ్ళ నాన్న. హబ్బాన్ అంటే తోలుసంచి ఊది, చంకలో నొక్కుతూ వాయించేది. మా వైపు కథలు చెప్పేవాళ్ళ వెనక శ్రుతికి తిత్తి పట్టుకుంటారు కదా, దానికి నాలుగైదు గొట్టాలు తగిలించినట్టు ఉంటుంది. "బాబాకు నేర్పిన మాస్టారు స్కాట్లండ్ ఆయన. తన దేశం వెళ్ళిపోతూ, తను కట్టుకునేదే బాబాకు ఇచ్చి వెళ్ళాడు."

భాయ్ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, ఆమెకు అర్థం కాకుండా తెలుగులో, "యాందక్కా ఇది? మగోళ్ళు కట్టుకునే లంగానా?" అన్నాడు.

"మన మొగోళ్ళు లుంగీ గట్టుకుంటలేరా భాయ్? గదీ గళ్ళదే, గిదీ గళ్ళదే" అన్నాను.

"లుంగీకి ఇన్ని కుచ్చిళ్ళు యాడుండాయి? మీ నాయన గిట్ల కుచ్చిళ్ళు పోసుకోని తిరిగినాడా ఏంది?" అని నా యాసను వెక్కిరిస్తూ నవ్వాడు. ఆమె ఏమంటున్నారని అడిగితే, వెంటనే హిందీలోకి మారి, "మంచి క్వాలిటీ అంటున్నా మేడమ్" అన్నాడు.

ఆమె బల్ల మీద చేతులు పెట్టుకుని సంగతి చెప్పింది. తండ్రికి పది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. కుర్చీలోనే ఉంటాడు. మాట పోయింది. రాబోయే శుక్రవారం సాయంత్రం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు, ఇప్పుడు వాళ్ళూ బ్యాండుల్లో వాయిస్తున్నవాళ్ళే, వాయిద్యాలు తీసుకుని ఇంటికి వస్తున్నారు. వాళ్ళ ముంగిట్లో, ఆయన ముందు వాయిస్తారు. ఆ రోజుకు ఈ కిల్ట్ కావాలి. ఎలా కావాలన్నదే తేలలేదు. కుర్చీలో కూర్చున్న ముసలాయన మోకాళ్ళు కనిపించేలా ఇది కట్టుకోవడమేమిటని ఒక తమ్ముడు అన్నాడట. కుచ్చిళ్ళు విప్పించి శాలువాలా ఒళ్ళో కప్పుదామన్నాడట. ఇంకో తమ్ముడు అద్దాల పెట్టెలో బిగించి గోడకు పెడదామన్నాడట.

"నాకైతే ఆయన కట్టుకునే కూర్చోవాలని ఉంది. ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందని డాక్టరు కూడా అనడం లేదు. బాబాను అడిగి ఫోన్ చేస్తాను. నేను చెప్పేదాకా విప్పకండి. మురికి మాత్రం తీయండి" అని నా వైపు చూసి, "విప్పకండి సిస్టర్" అని మళ్ళీ అంది.

ఆమె వెళ్ళాక నేను ఆ బట్టను తెర వెనక్కి తెచ్చుకున్నాను. వాసన భరించలేక ముక్కుకు చున్నీ కట్టుకున్నాను. కానీ గుడ్డ మీద చూపు పడ్డాక వదలబుద్ధి కాలేదు. సూదిమొనతో పోగులు లెక్కపెట్టాను. పచ్చ, నలుపు, నీలం, నలుపు, మళ్ళీ పచ్చ. పచ్చ నడుమ పసుపు గీత నాలుగు పోగులు, దానికి అటూ ఇటూ నలుపు ఆరేసి పోగులు కాపలా. పసుపు దగ్గరికి వచ్చి గడి అద్దంలో చూసుకున్నట్టు వెనక్కి తిరుగుతుంది. పడుగులో ఎంత లెక్కో పేకలో అంతే లెక్క, కాబట్టి ప్రతి గడీ చదరంగా నిలిచింది. ఎవరో తెలిసినవాడు నేశాడు.

భాయ్ తెర పక్కకు లాగి, స్కర్టు గుడ్డ ముక్కొకటి దాని పక్కన పడేశాడు. "చూడక్కా, రెండూ ఒకటే కదా. ఆ స్కాట్లండాయన మన బడి గుడ్డనే కట్టుకున్యాడు!"

దూరం నుంచి చూస్తే నిజంగానే కవలల్లా ఉన్నాయి. "ఒకటెట్లయితది భాయ్? దీని పసుపు పసుపుకొమ్ము రంగు, దానిది నిమ్మకాయ రంగు. దీని పసుపుకు రెండు దిక్కుల నలుపున్నది, దానికి లేదు. దాని గడి జర పొడుగున్నది. మల్ల గీ గుడ్డను తిప్పి చూడు, వెనకా ముందూ ఒక్కతీరే. నీ బడిగుడ్డ తిప్పితే వెలిసిపోయిన ముఖం. అచ్చుగొట్టిన గుడ్డకు ఒకటే దిక్కు ముఖం ఉంటది."

"బడికి పోకపోయినా నీ కండ్లు మాత్రం పెద్ద బడికే పోయినాయే!" అన్నాడు. పొగడ్తో ఎగతాళో తెలియలేదు. నాకు మాత్రం కొంచెం గర్వంగానే అనిపించింది. ఆ గర్వమే తర్వాత నా కొంప ముంచింది.

ఆదివారం పొద్దున భాయ్ వచ్చి, కుచ్చిళ్ళు విప్పమన్నాడు.

"ఆమె ఇప్పద్దన్నది గద."

"ఇప్పకుండా లోపలి మురికి ఎట్ల పోతాది? ఆడోళ్ళు చీర కుచ్చిళ్ళు ఇప్పి ఉతికి మల్ల పెట్టుకోరా? అంతే. మల్ల పెట్టేస్తే ఆయమ్మకు ఎవురు చెప్తారు?"

ఇక్కడ నేను అబద్ధం రాయను. భాయ్ చెప్పాడని విప్పాను, కానీ నాకూ అదే అనిపించింది. కుచ్చిళ్ళలో ఏముంది? చీర కట్టిన చేతులు నావి. గుడ్డ లెక్క నాకు తెలిసిపోయింది, ఇంక మడతలదేముంది అనుకున్నాను. బ్లేడుతో కుట్లు తెంపాను. మడతల లోపల నుంచి ఇసుక రాలింది. తెల్లని పురుగుల గూళ్ళు, రెక్కలూడిన చిమ్మెటలు, ఎండిపోయిన ఈగ, ఎప్పటిదో ఖర్జూరపు తొక్క. అన్నీ దులిపాక ఎనిమిది గజాల గుడ్డ నేల మీద పరుచుకుంది. మడతల లోపలి రంగులు ఎండ తగలక కొత్తగా ఉన్నాయి. చన్నీళ్ళలో ముంచితే నీళ్ళు మురిక్కాలవలా నల్లబడ్డాయి. నాలుగుసార్లు నీళ్ళు మార్చి, పిండకుండా, దుకాణం వెనక నీడలో ఆరేశాను.

మంగళవారం ఆమె ఫోన్ వచ్చింది. "బాబాను అడిగాను సిస్టర్. శాలువా అంటే ముఖం తిప్పుకున్నాడు. గోడకు అంటే కళ్ళు మూసుకున్నాడు. కట్టుకుంటావా అంటే ఎడమ చేత్తో నా చేయి పట్టుకున్నాడు. ఉన్నది ఉన్నట్టుగా కావాలి. ఏమీ మార్చకండి."

నేను ఆరిన గుడ్డ తెచ్చి కుచ్చిళ్ళు పెట్టడం మొదలుపెట్టాను. ఒక రోజున్నర పట్టింది. ప్రతి మడత అంచున పసుపు గీత సరిగ్గా వచ్చి నిలిచేలా పెట్టాను. వెనక నుంచి చూస్తే పచ్చని గుడ్డ మీద పసుపు గీతలు వరసగా, బారులు తీరినట్టు. పట్టుచీర అంచు మడతమడతకూ కనిపించేలా పెట్టినప్పుడు ఎంత అందంగా ఉంటుందో అంత అందంగా ఉంది. ఇంత బాగా ఆ దేశపువాళ్ళు కూడా పెట్టి ఉండరనుకున్నాను.

బుధవారం సాయంత్రం ఆమె వచ్చింది. చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, ఆగిపోయింది.

"ఇది మాది కాదు."

"మీదే మేడమ్" అన్నాడు భాయ్.

"కాదు. మా బాబా నడిచి వెళ్తుంటే వెనక నుంచి ఎన్నిసార్లు చూశాను నేను! ఇలా గీతలు గీతలుగా ఉండదు." ఫోనులో ఒక పాత ఫొటో తెరిచి చూపించింది. పడుచుగా ఉన్న తండ్రి వెనుదిరిగి, భుజం మీదుగా నవ్వుతున్నాడు. నేను వంగి చూశాను. ఆ ఫొటోలో కుచ్చిళ్ళున్నాయి, కానీ గళ్ళు ఎక్కడా తెగలేదు. ఒక మడత ఎక్కడ ఆగిందో పక్క మడత అక్కడే అందుకుంది. ముందు వైపు గళ్ళెలా ఉన్నాయో, వెనక కుచ్చిళ్ళ మీదా అలాగే ఉన్నాయి. నేసినవాడి లెక్క అంతా చదివి, మడత పెట్టినవాడి లెక్క చూడనే లేదు నేను. విప్పకముందు ఒక్కసారి తిప్పి చూసి ఉంటే సరిపోయేది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. భాయ్ నా కాలు తొక్కాడు. నిజంగానే తొక్కాడు, చెప్పుతో. "సారీ మేడమ్, ఇలాంటిదే ఇంకొకరిది ఉంది, మారిపోయింది. మీది రేపు సాయంత్రం అస్ర్ నమాజు వేళకు ఇస్తా" అన్నాడు. ఆమె ముఖం తేటపడింది. శుక్రవారం దాటకూడదని రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

"ఇప్పుడే కూసుంటే రేపు మాపటికి అయితది భాయ్" అన్నాను. "ఆ ఫొటో ఉన్నట్టే పెడ్త. ఆమెకు నిజం చెప్దాం. తప్పు నాదే అని చెప్త."

"ఏమని చెప్తావు? నువ్వొద్దన్నా మేం విప్పినామనా? టీచరమ్మ ఆమె, నేరుగా బలదియాకు పోతాది, వాళ్ళొచ్చి దుకాణానికి తాళమేస్తారు. నీ బతాకా ఎవురి పేరు మీద ఉండాది? నా పేరు మీదే కదా?" అన్నాడు. బలదియా అంటే ఇక్కడి మున్సిపాలిటీ, బతాకా అంటే మేము ఇక్కడ ఉండటానికి సర్కారు ఇచ్చే కార్డు. "ఇంకో దినం నువ్వు దీని ముందర కూర్చుంటే ఆ స్కర్టులు ఎవురు కుడ్తారు? అంచులు కుట్టాల్సినవి అరవై ఉండాయి. ఊరికే ఉండు. మిషన్ మీద రెండు గంటల్లో నేనే తెగ్గొడ్తా."

"ఏం తెగ్గొడ్తవ్?"

జవాబుగా బడిగుడ్డ తాను ఒకటి భుజాన వేసుకొచ్చి బల్ల మీద దొర్లించాడు.

గురువారం జరిగింది రాయడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. భాయ్ పనిమంతుడు, కాదనను. బడిగుడ్డ కత్తిరించి, ఆ ఫొటోలో ఉన్నట్టే గడికి గడి కలిసేలా మడతలు వేసి మిషన్ కొట్టేశాడు. నాకు ఎంత సేపటికీ కనిపించని లెక్క ఆయనకు ఒక్కసారి ఫొటో చూడగానే కనిపించింది. అంత తెలివీ దగాకే వాడాడు. నిమ్మకాయ పసుపు కొట్టొచ్చినట్టు కనపడుతుందని, గ్లాసులో తాగి వదిలేసిన టీ డికాషన్‌లో పళ్ళు తోముకునే బ్రష్ ముంచి, గీతల మీద, లోపలి తెల్లగుడ్డ మీద రుద్దమన్నాడు. పాతదిగా కనిపించాలట. నేను రుద్దాను. తర్వాత, "ఆ పట్టీలు, బకిల్స్ దీనికి మార్చు" అన్నాడు.

పాతదానికి మూడు తోలుపట్టీలు ఉన్నాయి. చెమటకు నల్లబడి, ఏళ్ళ తరబడి ఒక నడుముకు చుట్టుకుని, ఆ ఒంపులోనే బిగుసుకుపోయి ఉన్నాయి. బల్ల మీద పెడితే చాపలా పరుచుకోలేదు, వంగే నిలబడ్డాయి. నడుము లోపలి వైపు ఒక నాడాముక్క మీద సిరాతో ఏదో రాసి ఉంది. అది ఆ మాస్టారి పేరని భాయ్ చదివి చెప్పాడు. దాన్ని కూడా తెంపి కొత్తదానికి కుట్టమన్నాడు. కుట్టాను. మిషన్ కుట్టు అయితే అనుమానం వస్తుందని చేతికుట్టే వేయించాడు. నా కుట్టు సన్నగా, ఎక్కడా తప్పు పట్టలేనట్టు వచ్చింది. కుడుతున్నంతసేపూ నా వేళ్ళు నాకే పురుగుల్లా కనిపించాయి.

అసలు గుడ్డను ఏం చేయాలన్నప్పుడు భాయ్ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నేను పెట్టిన మడతలన్నీ లాగి పారేసి, దాన్ని నాలుగు మడతలు వేసి ఇస్త్రీ బల్ల మీద పరిచి, పైన కోరాగుడ్డ కప్పి చుట్టూ పిన్నులు కొట్టాడు. "ఉన్ని గదా, వేడి బాగా పట్టుకుంటాది. ఎన్నాళ్ళ నుంచో బల్ల మెత్తగా లేదని బెంగాలీలు ఏడుస్తాండారు" అన్నాడు. అని కింద డబ్బాలో ఉమ్మాడు.

అస్ర్ వేళకు ఆమె వచ్చింది. తిప్పి వెనక చూసింది. పట్టీలు చూసింది. నాడాముక్క మీది అక్షరాలు వేలితో తడిమింది. ముఖానికి ఆనించుకుని, "మురికి పోయి ఎంత తేలికయింది, వాసన కూడా పోయింది!" అని నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు. నేను తెర పట్టుకుని నిలబడ్డాను. వెళ్ళబోతూ నా దగ్గరికి వచ్చింది. "నిన్న గాభరా పడ్డాను, ఏమీ అనుకోకు సిస్టర్. ఇది మాదే కదా?"

భాయ్‌ని కాదు, నన్ను అడిగింది. నేను తల ఊపాను. మాట అయినా అనలేదు, తల ఊపాను.

ఆమె నా చేతిలో ఒక హల్వా గిన్నె పెట్టి, "బాబా తరఫున" అని చెప్పి వెళ్ళింది.

ఆమె కారు కదలకముందే ఒక బెంగాలీ ఇస్త్రీ బల్ల దగ్గర నీళ్ళు చిలకరించి పెట్టె నొక్కాడు. కోరాగుడ్డ కిందనుంచి ఆవిరి లేచింది. తడి ఉన్ని వాసన. దుకాణం అంతా నిండింది. బల్ల అంచున కోరా జరిగిన చోట పసుపుకొమ్ము రంగు గీత బయటికి కనిపిస్తూ ఉంది. నేను వెనక తలుపు తీసుకుని వెళ్ళి, ఏసీ నీళ్ళు కారే చోట వాంతి చేసుకున్నాను.

రూమ్‌కు వెళ్ళేసరికి నాతో ఉండే గోదావరి ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి ఉంది. ఆసుపత్రిలో తుడిచే పని ఆవిడది. నన్ను వదినా అని పిలిచేది. హల్వా గిన్నె చూడగానే మూత తీసింది.

"అబ్బో, నెయ్యి చూడు ఎలా తేలుతుందో! ఏంటొదినా, నువ్వు తినవా?"

"నాకద్దు. నువ్వే తిను."

"ఒంట్లో బాలేదా? ముఖం అలా వేలాడేశావేంటి?" అంటూ వేళ్ళు నాకుతూ తింటోంది. చెప్పాను. మొదట్నించి చివరిదాకా చెప్పాను. ఆవిడ తినడం ఆపలేదు.

"ఓస్, ఇంతేనా! ఏ కొట్లో లేదొదినా దగా? మా ఆసుపత్రిలో నేను తుడిచిన బల్లే మళ్ళీ మురికి గుడ్డతో తుడుస్తారు, నేనేమన్నా ఏడుస్తున్నానా? ముసలాయన కట్టుకుంటాడు, నలుగురూ వచ్చి వాయిస్తారు, ఫొటో దిగుతాడు. ఆయనకి తెలీదు, ఆవిడకి తెలీదు. ఇంక నష్టమెవరికి చెప్పు?"

"ఆయనకు తెలుస్తది."

"ఎలా తెలుస్తాది?"

"పాతికేండ్లు ఎనిమిది గజాల ఉన్ని బరువు నడుముకు మోసిండు. గా నైలాన్ ముక్క నడుముకు సుట్టంగనే తెలుస్తది. కానీ నోరు లేదు. అందరి ముంగట కూసోవెట్టి, ఇగో నీదే అంటరు. కాదని ఎట్ల చెప్తడు?"

ఆవిడ వేలు నోట్లోంచి తీసేసింది. తర్వాత గిన్నె మూతపెట్టి, "నువ్వు చెప్పి మరీ తినిపిస్తావేంటొదినా, గొంతు దిగట్లేదు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు శుక్రవారం. దుకాణం మధ్యాహ్నం నమాజు అయ్యాక గానీ తెరవరు. ఊడవడానికి ఒక తాళంచెవి నా దగ్గరే ఉండేది. తెల్లవారుతూనే వెళ్ళి తలుపు తీశాను. డబ్బా కడగలేదు. నేరుగా ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి పిన్నులు లాగి కోరాగుడ్డ పక్కన పడేశాను. కింద గుడ్డ ఇంకా తడిగా ఉంది. ఒక మూల ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మరక. ఒక్కరోజులోనే. దాన్ని బియ్యపు సంచిలో పెట్టుకుని, సూదులు, దారం, కత్తెర తీసుకుని, తాళం వేసి చెవి కిటికీ సందులోంచి లోపలికి వదిలేశాను.

రసీదు పుస్తకంలో ఆమె ఇల్లు ఎక్కడో రాసి ఉంటుంది కానీ నేను చదవలేను. మసీదు వెనక సముద్రం వైపు దారిలో నీలం గేటు అని ఆమె భాయ్‌కి చెప్పడం విన్నాను. ఖర్జూర తోటల పక్కగా నడిచి, ఇద్దరిని అడిగి, గేటు కొట్టాను. ఆమే తీసింది. నన్ను చూసి ముందు నవ్వింది. "బాబా పొద్దుటి నుంచి ఒకటే గొడవ. మీరు కుట్టింది కట్టి చూద్దామని కట్టాం. అప్పటి నుంచి ఆ బకిల్ పీకుతున్నాడు. బిగుతయిందేమో, కొంచెం చూడు సిస్టర్" అంది.

ముంగిట్లో నీడన కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. ఎడమ చేత్తో నేను కుట్టిన పట్టీ లాగుతున్నాడు. గోళ్ళ దగ్గర ఎర్రబడింది.

నేను సంచి దింపి గుడ్డ బయటికి తీశాను. "మేడమ్, మీ నాన్నది ఇది. అది కాదు. అది బడి స్కర్టు గుడ్డ. మీరు వద్దన్నా నేను ఇది విప్పాను, మళ్ళీ తప్పుగా పెట్టాను. తర్వాత మీ పట్టీలు తెంపి దానికి కుట్టిందీ నేనే" అన్నాను. హిందీలో తప్పులు దొర్లి ఉంటాయి, అర్థం మాత్రం అయింది.

ఆమె గుడ్డ చూసింది, కాలిన మరక చూసింది, తర్వాత నన్ను చూసింది. తిట్టలేదు. "నిన్న నిన్నే అడిగాను కదా" అంది.

"అడిగారు."

ఎంగిలాకును చూసినట్టు చూసి, నా భుజం తగలకుండా పక్కకు జరిగి, తండ్రి దగ్గరికి వెళ్ళి దుప్పటి అడ్డం పెట్టి ఆ బకిల్స్ విప్పింది. ఆయన చేయి వదులైంది. విప్పిన దాన్ని తెచ్చి నా ముందు విసిరేసింది. నేను అసలు గుడ్డ ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన నా ముఖం చూడలేదు. దాని బరువు ఒళ్ళో సర్దుకుని, ఒక పక్క అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి కూతురు ఆయన చెవి దగ్గర ఏదో చెబితే, నెమ్మదిగా వదిలాడు.

సాయంత్రంలోగా అన్ని మడతలకూ మంచి కుట్టు వేయడం కుదరదని చెప్పాను. కాలిన మూలను లోపలికి తిప్పుతానని, మడతలు ఫొటోలో ఉన్నట్టే పెట్టి నడుము దగ్గర మాత్రం గట్టిగా కుడతానని, కింద పొడుగు టాకాలు వేస్తే కూర్చున్నంతసేపూ నిలుస్తాయని చెప్పాను. "చెయ్యి" అంది. లోపలికి రమ్మనలేదు. గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాను. బడిగుడ్డ నుంచి పట్టీలు, బకిల్స్, నాడాముక్క తెంపి పక్కన పెట్టుకున్నాను. ఆమె ఫొటో తెరిచిన ఫోను నా ముందు నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రెండు మడతలు పెట్టేసరికి ఫోను తెర ఆరిపోయింది. దాన్ని ఎలా వెలిగించాలో నాకు తెలియదు. పిలిచాను. ఆమె వచ్చి, నా వైపు చూడకుండా వంగి, వేలు పెట్టి వెలిగించి వెళ్ళింది. మళ్ళీ ఆరింది, మళ్ళీ పిలిచాను. ఎండ గుమ్మం ఎక్కేసరికి పదకొండు మడతలు అయ్యాయి. అప్పటికి ఆమె లోపలికి వెళ్ళడం మానేసి, నాకు కొంచెం దూరంలో ఒక పీట వేసుకుని కూర్చుంది. ఒక చేత్తో ముక్కు మీద చున్నీ పట్టుకుని, రెండో చేత్తో ఆ తెర ఆరిపోకుండా తాకుతూ ఉంది. నేను పన్నెండో మడత మీద సూది పెట్టాను.